కీర్తన 24ను పూర్వకాలపు ఆరాధనలో లాగా స్వరంతో చదవడం ఎలా

ఆదివారం ఆరాధనలో వాక్యం చదివే వంతు మీకొచ్చిందనుకోండి. మన సంఘాల్లో మామూలుగా రెండే దారులు. గబగబా చదివేసి కూర్చోవడం ఒకటి. ఆ కీర్తనకి ఎవరైనా కట్టిన ట్యూన్ ఉంటే కీబోర్డు, ప్యాడ్స్ పెట్టి పాడేయడం రెండోది. ఈ రెండూ కాకుండా ఇంకో పద్ధతి ఉంది, హెబ్రీ లేఖనాలను యూదులు వందల ఏళ్లుగా వినిపిస్తున్న పద్ధతి అదే. అది చదవడమే, కాకపోతే స్వరంతో చదవడం. అందులో తాళం ఉండదు, పల్లవి ఉండదు, వాక్యం ఎక్కడ విరుగుతుందో అక్కడ గొంతు మలుపు తిరుగుతుంది, అంతే.

నరసాపురం, పాలకొల్లు, అమలాపురం చుట్టుపక్కల చిన్న సంఘాల్లో, లంక గ్రామాల్లో ముప్పై నలభై మంది కూడుకునే మందిరాల్లో కూడా చేసుకోగలిగేలా దీన్ని రాస్తున్నాను. సంగీతం నేర్చుకుని ఉండక్కర్లేదు. ముందు తెలుగు బైబిల్‌తోనే మొదలుపెడదాం, ఓపిక ఉన్నవాళ్లకి చివర్లో ఒక హెబ్రీ వచనం కూడా చూపిస్తాను. ఒక్క విషయం మాత్రం మొదటే చెప్పాలి, మిగతాదంతా దాని మీదే నిలబడింది: రాగం గురించి ముందు ఆలోచించకండి. ఎక్కడ ఆగాలో తేల్చుకోండి. ఆగే చోటు తేలితే రాగం దాని వెనకాలే వస్తుంది, ఆగే చోటు తేలకుండా ఎంత మంచి రాగం పెట్టినా వాక్యం వినపడదు, మీ గొంతు ఒక్కటే వినపడుతుంది.

కీర్తన 24 ఎందుకంటే, యెరూషలేము దేవాలయంలో లేవీయులు వారంలో ఒక్కోరోజు ఒక్కో కీర్తన పాడేవాళ్లు, ఆదివారం వంతు దీనిదే. మిష్నాలో, అంటే యూదు బోధకుల పాత నియమాల సంకలనంలో, తామీద్ అనే భాగం చివర ఆ జాబితా ఉంది: ఆదివారం 24, సోమవారం 48, మంగళవారం 82, బుధవారం 94, గురువారం 81, శుక్రవారం 93, విశ్రాంతి దినాన 92. జాబితాకి కాస్త ముందు అక్కడ ఏం జరిగేదో కూడా రాసి ఉంది. పానార్పణ పోయడానికి యాజకుడు వంగగానే పక్కనున్న అధికారి గుడ్డ ఊపేవాడు, బెన్ అర్జా అనే అతను తాళం మోగించేవాడు, లేవీయులు పాట ఎత్తుకునేవాళ్లు. ఒక విరామం దాకా వచ్చి ఆపేవాళ్లు. అప్పుడు ఇద్దరు యాజకులు వెండి బూరలు ఊదేవాళ్లు, ప్రాంగణంలో జనమంతా సాగిలపడేవాళ్లు. మళ్లీ పాట, మళ్లీ విరామం, మళ్లీ బూర, మళ్లీ సాగిలపడటం. చూడండి, జనం సాగిలపడింది పాట నడుస్తున్నప్పుడు కాదు, ఆగినప్పుడు. ఆరాధనలో ఖాళీని మనం భయపడి నింపేస్తుంటాం, అక్కడ మాత్రం ఆ ఖాళీకే పని ఉండేది.

ఇక్కడే ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. దేవాలయంలో కీర్తనలు పాడినవాళ్లు లేవీయులు, సితారాలు, స్వరమండలాలు, తాళాలు అన్నీ ఉండేవి. ధర్మశాస్త్రాన్ని జనం ముందు చదివే పద్ధతి వేరు, దానికి వాద్యం లేదు, మనిషి గొంతు ఒక్కటే. నెహెమ్యా 8వ అధ్యాయంలో ఎజ్రా నీటి గుమ్మం ఎదుట కర్రపీఠం మీద నిలబడి ఉదయం నుంచి మధ్యాహ్నం దాకా చదివింది అలాంటి చదువే. క్రీస్తుశకం 70లో దేవాలయం కూలాక లేవీయుల పాట ఆగిపోయింది, చదువు మాత్రం సమాజమందిరాల్లో నిలిచింది. కాబట్టి "లేవీయుల అసలు ట్యూన్ ఇదే" అని ఎవరైనా వీడియో పెడితే నమ్మకండి. ఆ ట్యూన్ రాతలో ఎక్కడా మిగల్లేదు. మిగిలింది ఆగే చోట్లు, సగాలుగా విడదీసే పద్ధతి, ఒకరు చెబితే మిగతావాళ్లు బదులివ్వడం. మనకి కావలసింది కూడా ఇవే.

ఇక పనిలోకి వద్దాం. బైబిలు, పెన్సిలు తీసుకోండి. బైబిలు మీద రాయడం ఇష్టం లేకపోతే కీర్తనని ఒక కాగితం మీద చేత్తో రాసుకోండి, నిజానికి అదే మేలు, చేత్తో రాస్తున్నప్పుడే సగం విరుపులు తెలిసిపోతాయి. రెండో వచనంతో మొదలుపెట్టండి, మొదటిదానికి తర్వాత వద్దాం.

"ఆయన సముద్రములమీద దానికి పునాది వేసెను ప్రవాహజలములమీద దాని స్థిరపరచెను."

"వేసెను" తర్వాత రెండు నిలువు గీతలు పెట్టండి. హెబ్రీ మూలంలో కూడా పెద్ద విరుపు సరిగ్గా అక్కడే ఉంది. సముద్రాలు ఒక సగం, ప్రవాహజలాలు ఇంకో సగం. మొదటి సగం చెప్పినదాన్నే రెండో సగం ఇంకో మాటతో చెబుతుంది, హెబ్రీ కవిత్వానికి ఇదే ఊపిరి. గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు మట్టి మీద ఇళ్లు కట్టుకున్నవాళ్లం, ప్రవాహజలాల మీద నిలిపిన భూమి అంటే మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు, కానీ ఆ రెండు సగాల మధ్య ఆగితేనే ఆ మాట వినేవాళ్ల గుండెల్లో పడుతుంది.

ఇప్పుడు మొదటి వచనం. "భూమియు దాని సంపూర్ణతయు లోకమును దాని నివాసులును యెహోవావే." ఇక్కడ కాస్త జాగ్రత్త. హెబ్రీలో యెహోవా పేరు ముందే వస్తుంది, భూమి, దాని సంపూర్ణత ఆయనవే అని చెప్పి ఆగి, తర్వాత లోకం, దాని నివాసులు అంటుంది. తెలుగులో ఆ పేరు చివరికి వెళ్లింది. అందుకని "సంపూర్ణతయు" దగ్గర ఆగండి, కానీ గొంతు దించకండి, మాట ఇంకా పూర్తి కాలేదు కాబట్టి. "నివాసులును" దగ్గర చిన్న ఆగుడు, ఒక్క గీత. "యెహోవావే" దగ్గర మాత్రమే కిందికి దిగాలి. హెబ్రీ బైబిల్లో ఎక్కడ ఆగాలో చూపే గుర్తులను చూసి అచ్చంగా అవే చోట్ల తెలుగులో ఆగుదామని కొందరు మొదలుపెడతారు. అది కుదరదు, మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది, వాళ్ల వాక్యంలో తరచూ ముందు ఉంటుంది. పద్ధతిని తీసుకోండి, చోట్లు మాత్రం తెలుగు చెప్పినట్టే పెట్టండి.

మూడో వచనం తేలిక, రెండు ప్రశ్నలు, రెండు సగాలు. నాలుగోది పొడవు. "వ్యర్థమైనదానియందు మనస్సుపెట్టకయు" ఒకటి, "కపటముగా ప్రమాణము చేయకయు" ఒకటి, ఆ తర్వాత నిర్దోషమైన చేతులు, శుద్ధమైన హృదయం. మూడు ఊపిర్లలో చెప్పండి, ఒక్క ఊపిరిలో లాగేద్దామని చూడకండి. హెబ్రీలో కూడా ఆ వచనం మూడు ముక్కలే. ఆరో వచనం చివర, పదో వచనం చివర "సెలా" వస్తుంది. దాన్ని పైకి చదవకుండా అక్కడ నిశ్శబ్దంగా ఉండండి, రెండు నిదానమైన ఊపిర్లు పట్టేంత సేపు.

గీతలు పెట్టడం అయ్యాక రాగం లేకుండా మామూలు గొంతుతో మొత్తం చదవండి. ఇంట్లో ఎవరినైనా ఎదురుగా కూర్చోబెట్టి బైబిలు చూడకుండా వినమనండి. బైబిలు చదవడం రాని పెద్దవాళ్లయితే ఇంకా మంచిది. వాళ్లకి ఎక్కడ అర్థం తెగిపోయిందో అక్కడ మీ గీత తప్పు చోట పడినట్టు. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే మిగతాది చాలా సులువైపోతుంది, ఇది వదిలేసి ముందుకెళ్లకండి దయచేసి.

ఇప్పుడు స్వరం. మూడు స్వరాలు చాలు: స, రి, గ. శ్రుతి మీ గొంతుకి హాయిగా ఉండాలి, మగవాళ్లకి ఒకటి లేదా ఒకటిన్నర, ఆడవాళ్లకి ఐదు లేదా ఐదున్నర శ్రుతి దగ్గర ఉంటే సరిపోతుంది. ఫోన్‌లో తంబురా యాప్ పెట్టుకుని సాధన చేయండి, మందిరంలో మాత్రం అది కూడా వద్దు. నేను చెప్పబోయే వరస లేవీయులది కాదు, యూదులది కూడా కాదు. పెద్ద విరుపు, చివరి విరుపు చెవికి తెలియడం కోసం మా దగ్గర వాడుకుంటున్న తేలిక వరస. మీకు ఇంతకన్నా మంచిది తడితే అదే పెట్టుకోండి.

మొదటి ఒకటి రెండు అక్షరాలు "స" మీద. అక్కడి నుంచి "రి" మీదకి వెళ్లి మిగతా మాటలన్నీ దాని మీదే చెప్పుకుంటూ పోవాలి, మాట్లాడే వేగంతోనే, దీర్ఘాలు దీర్ఘాలుగా, హ్రస్వాలు హ్రస్వాలుగా. మొదటి సగం చివరి రెండు అక్షరాలకి "గ" మీదకి ఎక్కి ఆగాలి. రెండో సగం మళ్లీ "రి" మీదే నడిచి చివర "స" మీదకి దిగి నిలవాలి. "ఆయన" స స రి, "సముద్రములమీద దానికి పునాది" అంతా రి, "వేసెను"లో "వే" రి, "సెను" గ గ. ఆగండి. "ప్రవాహజలములమీద దాని స్థిరపర" రి, "చెను" స స. అంతే. గాంధారం, అదే "గ", కాస్త చిన్నదిగా, సాధారణ గాంధారంగా ఉంటే ప్రార్థనకి బాగుంటుంది, పెద్ద గాంధారం పెడితే సంతోషంగా వినపడుతుంది, 24వ కీర్తనకి రెండూ నప్పుతాయి.

గమకాలు వద్దు. మనకి పద్యాలు పాడే అలవాటు ఉంది, చివర్లో రాగం సాగదీయాలని గొంతు లాగుతుంది, ఆపుకోండి. సాగదీయడం మొదలైతే తర్వాతి మాట కోసం ఎదురుచూడటం మానేసి జనం మీ గొంతు వినడం మొదలుపెడతారు.

సౌండ్ సిస్టమ్ గురించి ఒక మాట, మన దగ్గర ఇది పెద్ద సమస్య. మైకులో ఎకో పూర్తిగా తీసేయించండి. మన మందిరాల్లో ఎకో ఎంత పెడతారంటే "వేసెను" అన్నాక అది మూడుసార్లు మోగి, మీరు ఆగిన ఖాళీ మొత్తం దానితోనే నిండిపోతుంది. ముప్పై మంది ఉన్న గదిలో అసలు మైకే వద్దు. ఫ్యాన్ల చప్పుడుకి వినపడదేమో అనుకుంటారు, వినపడుతుంది, ఒకే స్వరం మీద చెప్పే గొంతు మామూలు మాటకన్నా దూరం వెళుతుంది. కీబోర్డు అబ్బాయికి ముందే చెప్పి ఉంచండి. ఒకసారి మా వైపు ఒక కూటంలో చదివే అక్క మొదటి సగం దగ్గర ఆగీ ఆగగానే ప్యాడ్స్ వాయించే కుర్రాడు ఠక్కున ఒక రోల్ కొట్టాడు, అలవాటు కదా పాపం. ముందు వరసలో ఉన్న మామ్మగారు వెనక్కి తిరిగి, "బాబూ, అక్కడ దేవుడు మాట్లాడతాడని ఆగిందమ్మా ఆవిడ, నువ్వు ఊరుకోవయ్యా" అన్నారు. ఆ తర్వాత కీర్తన అయ్యేదాకా ఆ కుర్రాడు చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

అన్నట్టు, ఈమధ్య సభల్లో కొమ్ము బూర ఊదడం ఎక్కువైంది. కీర్తనల మధ్య దేవాలయంలో ఊదినవి వెండి బూరలు, పొట్టేలు కొమ్ము కాదు. కొమ్ముకి దాని సందర్భాలు దానికున్నాయి. ఈ చదువులో మీకు రెండూ అక్కర్లేదు, విరామం దగ్గర సంఘం తల వంచితే చాలు.

ఏడో వచనం నుంచి చివరిదాకా ఒక్కరే చదవకండి. అక్కడ కీర్తన తనంతట తనే రెండు గుంపులుగా విడిపోతుంది. తలుపుల్ని తలలెత్తమని ఒకరు అంటారు, "మహిమగల యీ రాజు ఎవడు?" అని ఇంకొకరు అడుగుతారు, జవాబు వస్తుంది, మళ్లీ అదే పిలుపు, మళ్లీ అదే ప్రశ్న. చదివే మనిషి ముందు నిలబడి పిలుపు చెప్పాలి, తలుపు దగ్గర కూర్చున్న యూత్ ప్రశ్న అడగాలి, జవాబు సంఘమంతా ఇవ్వాలి. ప్రశ్నని "గ" మీద వదిలేయండి, దించకండి, జవాబు మాత్రమే "స" మీదకి దిగుతుంది. ఇది ఒక్కసారి సరిగ్గా కుదిరితే చాలు, చిన్నపిల్లలు ఇంటికెళ్లాక కూడా అడుగుతూనే ఉంటారు.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి, సండే స్కూలు పిల్లల్ని తప్పకుండా కలుపుకోండి. దేవాలయంలో వేదిక మీద పాడే లేవీయులు పన్నెండు మందికి తగ్గకూడదని మిష్నాలో నియమం ఉంది, ఎక్కువ ఎంతమందైనా ఉండొచ్చు. చిన్నపిల్లలు వేదిక మీద కాకుండా కింద నేల మీద నిలబడేవాళ్లు, వాద్యాలు లేకుండా నోటితోనే గొంతు కలిపేవాళ్లు, పాటకి రుచి రావడం కోసమని అక్కడ కారణం కూడా రాసి ఉంది. మీ సంఘంలో పన్నెండు గొంతులు ఉంటే ఆ లెక్కన చాలినంత గానబృందం ఉన్నట్టే.

అక్షరాలు రానివాళ్లు ఎక్కువున్న సంఘమైతే 24 కన్నా ముందు 136వ కీర్తన తీసుకోండి. ఇరవై ఆరు వచనాలు, ప్రతిదాని చివరా "ఆయన కృప నిరంతరముండును". చదివే మనిషి మొదటి సగం చెప్పి "గ" మీద ఆగితే సంఘం రెండో సగం చెప్పి "స" మీదకి దింపుతుంది. నేర్పాల్సిన పని కూడా లేదు, మూడో వచనానికల్లా అందరూ అందుకుంటారు. సొలొమోను మందిరం ప్రతిష్ఠ అప్పుడు బూరలు, గొంతులు ఏకమై పలికిన మాట కూడా ఇదేనని రెండో దినవృత్తాంతములు 5వ అధ్యాయంలో ఉంది. హల్లెల్ కీర్తనలకి, అంటే 113 నుంచి 118 దాకా, పెద్దవాళ్లు ఒకరు చదువుతుంటే జనం "హల్లెలూయ" అని బదులిచ్చే పద్ధతి కూడా పాతదే.

ఇక హెబ్రీ. దీనికి కొంచెం ఎక్కువ టైమ్ పెట్టాలి, కానీ భయపడాల్సిందేమీ లేదు. ముందు ఆ గుర్తుల గురించి. వాటిని తెఆమీమ్ అంటారు. తిబెరియలో, అంటే గలిలయ సముద్రం ఒడ్డున, మసోరెతులు అనే పండితులు తరతరాలుగా పనిచేసి హెబ్రీ అక్షరాలకి అచ్చు గుర్తులనూ ఈ స్వర గుర్తులనూ స్థిరపరిచారు. పదో శతాబ్దంలో అహరోను బెన్ ఆషేర్‌తో ఆ పని ఒక కొలిక్కి వచ్చింది. ఈరోజు పూర్తిగా మిగిలి ఉన్నవాటిలో అన్నిటికన్నా పాత హెబ్రీ బైబిలు చేతిప్రతి 1008 ప్రాంతంలో రాసినది, లెనిన్‌గ్రాద్ ప్రతి అంటారు, అందులో ఈ గుర్తులన్నీ ఉన్నాయి. చదివే అలవాటు మాత్రం గుర్తులకన్నా చాలా పాతది. స్వరం లేకుండా చదవడం సరికాదని తల్ముదులో, అంటే మిష్నా మీద రబ్బీల చర్చల గ్రంథంలో, రబ్బీ యోహానాను గట్టిగానే అన్నాడు. చేతి సైగలతో విరుపులు చూపించే అలవాటు కూడా అందులో కనపడుతుంది, ధర్మశాస్త్రపు స్వరాలను కుడిచేత్తో చూపిస్తారు కాబట్టి ఆ చేతికి గౌరవం ఇవ్వాలని రబ్బీ అకీవా మాట.

ఈ గుర్తులు ఒకేసారి మూడు పనులు చేస్తాయి. మాటలో ఏ అక్షరం మీద ఒత్తు పడాలో చూపిస్తాయి, ఆ మాటని తర్వాతి మాటతో కలపాలో విడదీయాలో చెబుతాయి, ఏ స్వరాల వరస పలకాలో గుర్తుచేస్తాయి. విడదీసే గుర్తులను రాజులు అంటారు, కలిపేవాటిని సేవకులు అంటారు. రాజు దగ్గర ఆగాలి, సేవకుడు మిమ్మల్ని రాజు దగ్గరికి నడిపిస్తాడు. కీర్తనలు, సామెతలు, యోబు, ఈ మూడు పుస్తకాల గుర్తుల పద్ధతి వేరు, యూదుల లెక్కలో మిగతా ఇరవై ఒక్క పుస్తకాలది వేరు. కొత్తవాళ్లు కీర్తనలతో మొదలుపెట్టకూడదు. ఆ మూడు పుస్తకాల గుర్తులకి సంబంధించిన స్వరాలు తూర్పు యూరప్ యూదుల దగ్గర మరుగునపడిపోయాయి, నేర్పించేవాళ్లు దొరకడం కష్టం. ఆదికాండము 1:1తో మొదలుపెట్టండి, ఏడే మాటలు.

బెరేషీత్ బారా ఎలోహీమ్ ఎత్ హష్షామయిమ్ వెఎత్ హాఆరెత్స్.

"ఎలోహీమ్" కింద ఇంగ్లిష్ వి అక్షరాన్ని తలకిందులు చేసినట్టు ఒక గుర్తు ఉంటుంది, అదే అత్నాహ్, వచనాన్ని రెండు సగాలు చేసే పెద్ద రాజు. చివరి మాట కింద చిన్న నిలువు గీత సిల్లూక్, ఆ మాట తర్వాత రెండు చుక్కలు సోఫ్ పసూక్, అంటే వచనం ముగిసింది. "బెరేషీత్" కింద, "హష్షామయిమ్" కింద వాలుగా ఉన్న గీత తిప్హా, ఇది చిన్న రాజు, చిన్న ఆగుడు. "బారా" కింద మూల తిరిగిన గీత మునాహ్, "ఎత్" కింద, "వెఎత్" కింద తిప్హాకి ఎదురు వైపు వాలిన గీత మేర్ఖా, ఇవి సేవకులు. ఇప్పుడు చదివి చూడండి: బెరేషీత్, చిన్న ఆగుడు. బారా ఎలోహీమ్ కలిపి, పెద్ద ఆగుడు. ఎత్ హష్షామయిమ్ కలిపి, చిన్న ఆగుడు. వెఎత్ హాఆరెత్స్ కలిపి, ముగింపు. ఆకాశం ఒకటి, భూమి ఒకటి విడివిడిగా నిలబడ్డాయి, సృష్టించిన దేవుడు వచనానికి నడుమ నిలబడ్డాడు. గుర్తులు రాసినవాళ్లు వ్యాఖ్యానం ఒక్క ముక్క రాయకుండానే వచనానికి అర్థం చెప్పేశారు, నాకు ఎన్నిసార్లు చూసినా ఆశ్చర్యమే.

ఉచ్చారణలో మనవాళ్లు చేసే పొరపాటు ఒకటే, హల్లు చివర "ఉ" తగిలించడం. ఎలోహీము కాదు, ఎలోహీమ్, పెదాలు మూసి ఆపేయాలి. ఒత్తు విషయం కూడా చూసుకోండి. తెలుగులో మనం మాట మొత్తం సమానంగా పలుకుతాం, హెబ్రీలో ఎక్కువ మాటలకి ఒత్తు చివరి అక్షరం మీద పడుతుంది: బెరే"షీత్", బా"రా", ఎలో"హీమ్". హష్షా"మ"యిమ్, హా"ఆ"రెత్స్ మాత్రం చివరిదానికి ముందు అక్షరం మీద. స్వరం మారేది కూడా ఒత్తు పడిన అక్షరం దగ్గరే, అందుకని ఇది తప్పితే అదీ తప్పుతుంది.

నేర్చుకునే క్రమం ఇలా: ముందు గుర్తుల పేర్లనే వాటి స్వరంతో పాడాలి, మాటలు వద్దు. తిప్హా, మునాహ్ అత్నాహ్, మేర్ఖా తిప్హా, మేర్ఖా సోఫ్ పసూక్. యూదు పిల్లలు నేర్చుకునేదీ ఇలాగే. పేర్లు నోటికొచ్చేశాక అదే వరస మీద వచనం మాటలు ఎక్కించాలి. మన సంగీతంలో గీతం నేర్పేటప్పుడు ముందు స్వరం పాడించి తర్వాత సాహిత్యం పాడించినట్టే. ఏ వరస అన్నది మీరు ఎంచుకునే సంప్రదాయాన్ని బట్టి ఉంటుంది. యెమెన్ యూదులది ఒక రకం, మొరాకో, సిరియా, ఇరాక్ వాళ్లవి వేరు, తూర్పు యూరప్ వాళ్లది వేరు, మన దేశంలోనే కొచ్చిలో 1568లో కట్టిన పరదేశి సినగోగు (సమాజమందిరం) వాళ్లకి తమదైన వరస ఉండేది. గుర్తులు అందరికీ అవే. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అబ్రహాం ఇదెల్సోన్ అనే ఆయన యెరూషలేములో ఉండి ఇలాంటి ఎన్నో సమాజాల వరసలు రికార్డు చేసి పది సంపుటాల్లో అచ్చువేశాడు. ఇజ్రాయెల్ జాతీయ గ్రంథాలయం శబ్ద భాండాగారంలో పాత రికార్డింగులు బోలెడున్నాయి. ఒకటి ఎంచుకుని దానితోనే ఉండండి. యూట్యూబ్‌లో ఈరోజు ఒకటి, రేపు ఒకటి వింటే ఏదీ రాదు.

కోనసీమ అగ్రహారాల్లో కృష్ణ యజుర్వేదం వల్లె వేయడం చెవిన పడినవాళ్లకి ఈ గుర్తులు మరీ కొత్తగా అనిపించవు. అక్కడ అక్షరం కింద అడ్డగీత ఉంటే అనుదాత్తం, పైన నిలువు గీత ఉంటే స్వరితం. అయితే అక్కడ గీత ఆ అక్షరం ఎంత ఎత్తులో పలకాలో చెబుతుంది. హెబ్రీ గుర్తు మొత్తం మాటకి ఒక స్వరాల వరసని ఇస్తుంది, ఆ మాటకి పక్క మాటతో ఉన్న చుట్టరికం చెబుతుంది. ఒకటి మాత్రం రెండుచోట్లా ఒకటే, పుస్తకం చూసి నేర్చుకునేది కాదు, నోటి నుంచి చెవికి రావాలి. సమాజమందిరంలో చదివే తోరా (ధర్మశాస్త్రం) చుట్టలో అచ్చు గుర్తులుండవు, స్వర గుర్తులూ ఉండవు, ఉత్త హల్లులే. చదివే మనిషి అంతా ముందే కంఠస్థం చేసుకుని రావాలి.

ఇన్ని గుర్తుల్లోకీ ఒకదాని గురించి చెప్పకుండా ఉండలేను. షల్షెలెత్ అని, మాట పైన మెలికలు తిరిగిన గీత. మోషే రాసిన ఐదు కాండాల్లో అది నాలుగే నాలుగు చోట్ల వస్తుంది. స్వరం చాలాసేపు వణుకుతూ ఎక్కి దిగుతుంది. సొదొమ విడిచి వెళ్లడానికి లోతు తడవు చేసిన చోట ఒకటి. పోతీఫరు భార్య పిలిచినప్పుడు యోసేపు ఒప్పుకోని చోట ఇంకొకటి, ఆదికాండము 39:8. తెలుగులో "అయితే అతడు ఒప్పక" అని ఒక్క ఊపులో చదివేసి వెళ్లిపోతాం. హెబ్రీలో ఆ ఒక్క మాట మీద గొంతు ఊగి ఊగి ఆగుతుంది, ఒప్పుకోకపోవడం ఆ కుర్రాడికి ఎంత కష్టమైందో ఆ ఊగిసలాటలో వినపడుతుంది. ఈసారి ఆ భాగం తెలుగులో చదివే వంతు వస్తే "ఒప్పక" దగ్గర తొందరపడకండి.

మందిరంలో హెబ్రీ వచనం వినిపించాలనుకుంటే దానికీ పాత పద్ధతే మంచిది. సమాజమందిరాల్లో ఒకరు హెబ్రీలో చదివితే పక్కనే ఇంకొకరు జనం మాట్లాడే అరామిక్‌లో చెప్పేవాళ్లు. ధర్మశాస్త్రమైతే ఒక్కో వచనం తర్వాత, ప్రవక్తలైతే మూడు వచనాల దాకా. తర్జుమా చెప్పే మనిషి చదివే మనిషి కన్నా గొంతు పెంచకూడదని నియమం. మీరూ అలాగే చేయండి, ఇద్దరు నిలబడండి, హెబ్రీ ఒకరు, తెలుగు ఒకరు, ఒకరి మాట మీద ఒకరు పడకుండా. జనానికి అర్థం కాని భాష ఒక్కటే వినిపించి కూర్చోవద్దు.

రెండు మర్యాదలు పాటించండి. దేవుని పేరు నాలుగు హెబ్రీ అక్షరాలతో వచ్చిన చోట యూదులు దాన్ని పలకరు, "అదోనాయ్" అంటారు. వాళ్ల పద్ధతిలో హెబ్రీ చదువుతున్నప్పుడు మనమూ అదే అనడం బాగుంటుంది, తెలుగు చదివేటప్పుడు యెహోవా అని ఉన్నది ఉన్నట్టే చదవండి. రెండోది, ఇది ఈరోజుకీ వాళ్లు బతుకుతున్న ఆరాధన. శాలువాలు కప్పుకుని, చుట్టలాంటిది చేయించి స్టేజి మీద యూదుల్లా వేషం వేయాల్సిన అవసరం మనకి లేదు.

సాధనకి వారంలో రోజూ పది నిమిషాలు చాలు, ఎక్కువ చేస్తే గొంతు బిగుసుకుంటుంది. మొదటి వారం గీతలు పెట్టుకుని రాగం లేకుండా చదవండి, రెండో వారం మూడు స్వరాలు, మూడో వారం యూత్‌తో, పిల్లలతో ప్రశ్నలు జవాబులు. నాలుగో ఆదివారానికి 24 సిద్ధంగా ఉంటుంది. ఆ తర్వాత 92 ఎత్తుకోండి, పదిహేను వచనాలు, విరుపులు చాలామటుకు సూటిగానే ఉంటాయి. 94 మాత్రం కొన్నాళ్లు ఆపండి. ఇరవై మూడు వచనాలు, ప్రశ్నలు ఎక్కువ, కోపం ఎక్కువ, మూడు స్వరాల్లో ఆ కోపం పట్టాలంటే విరుపులు మీ చేతికి బాగా అలవాటై ఉండాలి.